కార్డా, సంతకమా, ఆటగాడు వేసుకున్న చొక్కానా: కొనే ముందు తేల్చుకోవలసినవి

అభిమాన ఆటగాడికి సంబంధించిన వస్తువు ఒకటైనా తన దగ్గర ఉండాలని కోరుకునేవారిని తికమకపెట్టేది ఎంపిక. చేతిలో ఉన్న అదే మొత్తంతో ఆటగాళ్ల బొమ్మలు అచ్చువేసి ప్యాకెట్లలో అమ్మే కార్డుల పెట్టెను సీలు విప్పకుండా కొనవచ్చు. కోరుకున్న ఒక్క కార్డును విడిగా కొనవచ్చు. గ్రేడింగ్ సంస్థ పరిశీలించి, అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో బిగించిన కార్డు కొనవచ్చు. ఆ డబ్బానే సేకర్తలు స్లాబ్ అంటారు. సంతకం ఉన్న ఫోటోకో బంతికో వెళ్లవచ్చు. ఇంకాస్త సాహసిస్తే మైదానంలో చెమట పట్టిన చొక్కాకే వెళ్లవచ్చు.

చాలా ఏళ్లుగా కార్డులు, సంతకాలు సేకరిస్తున్న నాకు ఈ దారులన్నింటినీ విడదీసే ప్రశ్న ఒకటే కనిపిస్తుంది. ఈ వస్తువు అసలైనదని నా కళ్లతో నేను ఎంతవరకు తేల్చుకోగలను? ఎక్కడి నుంచి ఇంకొకరి మాట నమ్మాలి? కార్డు దగ్గర ఆ నమ్మకం భారం తక్కువ, సంతకం దగ్గర ఎక్కువ, చొక్కా దగ్గర దాదాపు మొత్తం అదే. ధర, అందం, అరుదైనతనం లాంటివన్నీ దీని తర్వాతే చూడాలి.

దేన్నిబట్టి పోల్చాలి

మొదటిది రుజువు. దాని గురించే ఈ వ్యాసంలో ఎక్కువ చెబుతాను.

రెండోది, సరైన ధర తెలుసుకునే వీలు. ఒకే రకం కార్డులు వేలల్లో ఉంటే, నిన్న మొన్న ఎంతకు అమ్ముడయ్యాయో చూసి బేరం ఆడవచ్చు. ప్రపంచంలో ఒక్కటే ఉన్న చొక్కాకు పోల్చదగిన ధర దొరకదు. వేలంలో ఆ రోజు పట్టుదలతో ఉన్న ఇద్దరు మనుషులే దాని ధర నిర్ణయిస్తారు. అయితే పోల్చే వీలు ఉన్నంత మాత్రాన ధర నిలకడగా ఉంటుందని అనుకోకూడదు. బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ మీద ఫ్లీర్ సంస్థ తెచ్చిన 1986 కార్డు, పీఎస్‌ఏ అనే గ్రేడింగ్ సంస్థ పదికి పది ఇచ్చినవి రెండు, 2021 జనవరిలో ఒక్కొక్కటి 7,38,000 డాలర్లకు అమ్ముడయ్యాయి. అదే కార్డు, అదే గ్రేడు, ఆ ఏడాదే అందులో సగం కూడా పలకని వేలాలు జరిగాయి. ఆ కొద్ది నెలల్లో కార్డులో మారిందేమీ లేదు, కొనేవారి ఉత్సాహం చల్లారింది, అంతే.

మూడోది నిల్వ. కార్డుల డబ్బా బీరువా మూలలో ఒదిగిపోతుంది. చొక్కాకు, బ్యాటుకు చోటు కావాలి, వెలుతురు నుంచి కాపు కావాలి. నాలుగోది, అవసరం వస్తే తిరిగి అమ్ముకునే వీలు. ఐదోదాన్ని కొలవలేం కానీ దాటవేయలేం: ఆ వస్తువును చూసినప్పుడల్లా ఆ ఆట మళ్లీ కళ్ల ముందు కదలాలి.

| ఎంపిక | అసలైనదని చెప్పేది ఎవరు | ధర పోల్చుకోవడం | నిల్వ | తిరిగి అమ్మడం |
|---|---|---|---|---|
| సీలు విప్పని పెట్టె | సీలు, అమ్మేవారి పేరు | తేలిక | తేలిక, కాస్త చోటు కావాలి | విప్పనంత వరకు తేలిక |
| విడి కార్డు | చాలావరకు మీ కళ్లే | తేలిక | చాలా తేలిక | స్థితిపై వాదన వస్తుంది |
| గ్రేడెడ్ కార్డు | గ్రేడింగ్ సంస్థ | అన్నింటికంటే తేలిక | చాలా తేలిక | అన్నింటికంటే తేలిక |
| సంతకం | చూసిన సాక్షి లేదా నిపుణుడు | ఒక మాదిరి | వెలుతురే శత్రువు | పత్రాలను బట్టి |
| మైదానంలో వాడినది | చేతులు మారిన చరిత్ర, ఫోటోలు | కష్టం | కష్టం | నెమ్మది, సాధారణంగా వేలంలోనే |
| టికెట్లు, కార్యక్రమ పుస్తకాలు | మీ కళ్లు, కాగితం | ఒక మాదిరి | తేలిక | నెమ్మది |

సీలు విప్పని పెట్టె

ప్యాకెట్ చింపే క్షణంలో ఉండే ఉత్కంఠ ఇంకెక్కడా దొరకదు. దానికోసమే కొంటే తప్పు లేదు. కోరుకున్న కార్డు సంపాదించడానికి మాత్రం ఇది చాలా చుట్టు దారి. అరుదైన కార్డు ఎన్ని ప్యాకెట్లకు ఒకటి వస్తుందో తయారీదారులు చాలాసార్లు ప్యాకెట్ మీదే ముద్రిస్తారు. ఇరవై నాలుగింటికి ఒకటి అంటే అది సగటు మాత్రమే, మీ ఇరవై నాలుగు ప్యాకెట్లలో ఒకటి తప్పక ఉంటుందన్న హామీ కాదు. మామూలుగా పెట్టెలోని కార్డులన్నీ విడివిడిగా అమ్మినా పెట్టె ధర తిరిగి రాదు. వచ్చేటట్లయితే అమ్మేవారే విప్పి అమ్ముకునేవారు.

విప్పకుండా దాచి ఏళ్ల తర్వాత అమ్ముదామనుకునేవారు రెండు ఉదంతాలు తెలుసుకోవాలి. 1952 టాప్స్ బేస్‌బాల్ కార్డులు అమ్ముడుపోక గోదాములో మిగిలిపోతే, 1960లో ఆ సంస్థ వాటిని అట్లాంటిక్ సముద్రంలో పారబోయించింది. ఆ 1952 వరసలోని మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో 1.26 కోట్ల డాలర్లు పలికింది. దీనికి పూర్తిగా ఎదురు 1980ల చివరి కార్డులు. అప్పటికే పాత కార్డుల ధరలు వార్తలకెక్కడంతో అందరూ పెట్టెలకు పెట్టెలు కొని అటకెక్కించారు, సంస్థలు కూడా అంతే ధారాళంగా ముద్రించాయి. దశాబ్దాలు గడిచినా వాటిలో చాలా పెట్టెలు చవకగానే దొరుకుతున్నాయి. ఎవరూ పట్టించుకోక పోయినవే అరుదయ్యాయి. విలువ పెరుగుతుందని అందరూ దాచినవి అందరి దగ్గరా అలాగే ఉన్నాయి.

పిల్లల కోసం చూస్తున్నవారు పెట్టె బదులు స్టిక్కర్ ఆల్బమ్ ఎంచుకోండి. పనీని సంస్థ 1970 నుంచి ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఆల్బమ్‌లు తెస్తోంది. 2022 ఆల్బమ్‌లో 670 స్టిక్కర్లు. ఎవరితోనూ మార్చుకోకుండా ప్యాకెట్లతోనే నింపాలంటే సంభావ్యత లెక్క ప్రకారం సగటున 4,700కు పైగా స్టిక్కర్లు కొనాలి. మొదటి సగం 460 చిల్లరతోనే నిండుతుంది. మిగిలిపోయిన ఆఖరి ఒక్క గడి కోసమే సగటున 670 కావలసి వస్తుంది. అందుకే ఈ ఆట అంతా మార్పిడిలో ఉంది. నలుగురు పిల్లలు కూర్చుని తమ దగ్గర రెండేసి ఉన్నవి పరిచి బేరాలాడుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది, స్నేహం పెరుగుతుంది. పిల్లలకు ఈ అభిరుచి నేర్పడానికి నాకు తెలిసిన మంచి దారి ఇదే.

విడి కార్డు

కొత్తగా మొదలుపెట్టే పెద్దవారికి నా మొదటి సలహా ఇదే. కావలసిన ఆటగాడు, కావలసిన ఏడాది, కావలసిన కార్డు; నేరుగా దాన్నే కొనండి. అన్నింటికంటే ముఖ్యంగా, కార్డు తన కథను తన మీదే మోస్తుంది. చూడడం నేర్చుకుంటే చాలు.

కార్డును దీపం కింద పట్టుకుని నెమ్మదిగా అటూ ఇటూ వాల్చండి. ఎదురుగా చూస్తే మచ్చ లేనట్టున్న ముఖం మీద, వెలుతురు ఏటవాలుగా పడేసరికి సన్నని గీతలు, వేలి నొక్కులు, మైనపు మరక బయటపడతాయి. ఆ తర్వాత నాలుగు మూలలు: పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో కొత్త మూల కత్తిరించిన కాగితంలా పదునుగా ఉంటుంది, అరిగిన మూల దూది పింజలా పొరలు విడుతుంది. అంచులకు రంగు పులిమారేమో చూడాలి. ముదురు రంగు అంచున్న పాత కార్డుల్లో తెల్లబడిన చోట్లను సిరాతో కప్పేస్తుంటారు, కార్డును పక్కకు తిప్పి అంచు మందాన్ని చూస్తే ఆ సిరా లోపలి పొరలకు పాకి కనిపిస్తుంది. ఆపైన బొమ్మ చుట్టూ ఉన్న అంచు రెండు పక్కలా సమానంగా ఉందా అన్నది. ఇది ముద్రణలో వచ్చిన లోపం, మీరు ఎంత జాగ్రత్త పడ్డా మారదు, ధరను మాత్రం చాలా మారుస్తుంది.

చివరగా కొలత. ఇప్పటి కార్డు రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు. టాప్స్ కార్డులు 1952 నుంచి 1956 దాకా కాస్త పెద్దవి, 1957లో ఈ కొలతకు వచ్చాయి. అరిగిన మూలలను సన్నగా కత్తిరించి కొత్తవాటిలా చూపించే మోసం ఈ రంగంలో అన్నింటికంటే పాతది. అదే ఏడాది అదే వరసలో వచ్చిన ఇంకో మామూలు కార్డు పక్కన పెట్టి పోల్చండి. పదునైన మూలలున్న కార్డు పక్కదానికంటే వెంట్రుక వాసి పొట్టిగా ఉంటే ఎంత ముద్దుగా ఉన్నా వదిలేయండి.

లోటు కూడా చెప్పాలి. అమ్మే రోజున మీరు నిగనిగలాడుతోందన్న కార్డును కొనేవారు అరిగిందంటారు. మధ్యలో తీర్పు చెప్పేవారు ఉండరు. ఆ చిక్కు తీర్చడానికే గ్రేడింగ్ వచ్చింది.

గ్రేడెడ్ కార్డు

పీఎస్‌ఏ 1991లో మొదలైంది, ఎస్‌జీసీ 1998లో, బెకెట్ గ్రేడింగ్ 1999లో. కార్డు పంపితే రుసుము తీసుకుని, అసలైనదో కాదో చూసి, ఒకటి నుంచి పది వరకు అంకె వేసి స్లాబ్‌లో బిగించి పంపుతాయి. బొమ్మ మధ్యలో ఉందా, మూలలు, అంచులు, ఉపరితలం ఎలా ఉన్నాయి అన్న నాలుగింటికీ విడివిడిగా అంకెలు చూపడం బెకెట్ ప్రత్యేకత. ఎందుకు తగ్గిందో తెలుసుకోవాలనుకునేవారికి అది నచ్చుతుంది.

దూరం నుంచి, ఫోటో మాత్రమే చూసి కొనేవారికి, రేపు త్వరగా అమ్ముకోవాలనుకునేవారికి ఇది సరైన దారి. కానీ ఆ అంకె ఒక నిపుణుడి అభిప్రాయమని గుర్తుపెట్టుకోవాలి. 1909–11 మధ్య సిగరెట్ ప్యాకెట్లలో వచ్చిన బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డుల్లో అతి ప్రసిద్ధమైనది ఒకటుంది. 1991లో హాకీ దిగ్గజం వేన్ గ్రెట్జ్‌కీ భాగస్వామితో కలిసి దాన్ని 4,51,000 డాలర్లకు కొన్నాడు. పీఎస్‌ఏ గ్రేడు వేసిన మొట్టమొదటి కార్డు అదే, ఎనిమిది వచ్చింది. కత్తిరించిన కార్డుకు ఆ సంస్థ నియమాల ప్రకారం అంకె ఇవ్వకూడదు. 2013లో ఆ కార్డును ఒకప్పుడు అమ్మిన వ్యాపారి దాని అంచులు తానే కత్తిరించానని ఒప్పుకున్నాడు. ఇరవై ఏళ్లకు పైగా ఆ స్లాబ్ మీది అంకెను నమ్మి లక్షల డాలర్లు చేతులు మారాయి.

కాబట్టి స్లాబ్‌లో ఉన్నా కార్డునే చూడండి. స్లాబ్ మీది సంఖ్యను సంస్థ వెబ్‌సైట్‌లో సరిపోల్చండి, అక్కడ ఫోటో ఉంటే మూల మూలా పోల్చండి. నకిలీ స్లాబ్‌లు కూడా ఉన్నాయి. తొమ్మిదికీ పదికీ మధ్య ధర ఎన్నో రెట్లు పెరగవచ్చు, కంటికి కనిపించే తేడా మాత్రం వెంట్రుక వాసి ఉంటుంది. దాచుకుని చూసుకునేవారైతే పది వెంట పడవద్దు. చూడముచ్చటగా ఉన్న ఏడో ఎనిమిదో ఎంచుకుంటే అదే డబ్బుతో ఇంకా పాత, ఇంకా మంచి కార్డు దొరుకుతుంది.

సంతకం

సంతకంలో ఉన్న సాన్నిహిత్యం కార్డులో ఉండదు. ఆ చెయ్యి ఆ కాగితం మీద కదిలింది. మోసాలు కూడా ఇక్కడే పోగుపడతాయి.

నేను మొదట్లో కొన్న ఫోటో ఒకటి ఇప్పటికీ బల్ల సొరుగులో ఉంది. ధ్రువపత్రం, బంగారు రంగు ముద్ర, అన్నీ ఉన్నాయి. ఓ సాయంత్రం భూతద్దం కింద పెట్టాను. ఆటగాడి చొక్కా రంగంతా చిన్న చిన్న చుక్కలు; అచ్చు ఫోటో అంటే అంతే. సంతకం మీదికి భూతద్దం జరిపితే అక్కడా అవే చుక్కలు. కలం సిరా చుక్కలుగా ఉండదు, గీతగా పారుతుంది, కాగితం మీద మెరుపు వేరుగా కనిపిస్తుంది, ఒక గీత మరో గీతను దాటిన చోట ముదురుతుంది. నా ఫోటో మీద ఎవరూ సంతకం చేయలేదు, సంతకం ఉన్న ఫోటోను మళ్లీ అచ్చు వేశారు. ఆ రోజు నుంచి ధ్రువపత్రం కంటే ముందు సిరాను చూస్తున్నాను.

మీరూ చూడగలిగినవి ఇంకొన్ని ఉన్నాయి. మనిషి రెండుసార్లు ఒకేలా సంతకం చేయలేడు. రెండు సంతకాలు ఒకదానిపై ఒకటి పెడితే పూర్తిగా కలిసిపోతే అది యంత్రం చేసిన పని. గీత మొదట్లో, చివర్లో తడబాటు, మధ్యలో ఆగి ఆగి సాగడం, అంతటా ఒకే ఒత్తిడి కనిపిస్తే అనుకరణ అని అనుమానించాలి. సిరా వయసు కూడా సాక్షి. సంతకాలకు ఎక్కువగా వాడే, సిరా చెరగని షార్పీ మార్కర్ 1964లో వచ్చింది. 1948లో చనిపోయిన బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ దానితో సంతకం చేయడం అసాధ్యం.

కళ్లు ఇంతవరకే తీసుకెళ్తాయి. నేర్పరి ఫోర్జరీని పట్టుకోవడం నిపుణులకే కష్టం. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 1990ల చివర్లో ఆపరేషన్ బుల్‌పెన్ పేరుతో పట్టుకున్న ముఠాల దగ్గర మదర్ థెరిసా సంతకంతో బేస్‌బాల్ బంతులు కూడా దొరికాయి. ఆ సరుకుతో పాటు ధ్రువపత్రాలు కూడా జతగానే అమ్ముడయ్యేవి.

అందుకే సంతకాల్లో నా వరస ఇది. మీ కళ్ల ముందు చేసింది అన్నింటికంటే మేలు. ఆ తర్వాత, సంస్థ ప్రతినిధి దగ్గరుండి చేయించి, వస్తువు మీదే సంఖ్యతో హోలోగ్రామ్ అతికించింది. ఆ తర్వాత తయారీదారు ప్యాకెట్‌లోనే వచ్చిన సంతకం కార్డు. వీటిలోనూ కార్డు మీదే నేరుగా చేసిన సంతకానికి, విడి స్టిక్కర్ మీద చేసి తర్వాత అతికించినదానికి తేడా ఉంది. స్టిక్కర్ మీద చేసిన ఆటగాడు ఆ కార్డును చూసి కూడా ఉండకపోవచ్చు. ఎప్పుడో చేసిన సంతకాన్ని తర్వాత చూసి అభిప్రాయం చెప్పిన ధ్రువపత్రం వీటన్నింటి తర్వాతే.

మైదానంలో వాడినవి

ఇక్కడ వస్తువు తన గురించి తాను దాదాపు ఏమీ చెప్పదు. ఒకే దుకాణంలో కుట్టిన రెండు చొక్కాల్లో ఏది మైదానంలో తిరిగిందో బట్టను చూసి తేల్చలేం. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందన్న గొలుసు, ఆ రోజు ఫోటోలు, ఈ రెండే ఆధారం.

ఆ రెండూ కలిస్తే ఎంత బలమో 1986 జూన్ 22 నాటి మారడోనా చొక్కా చూపుతుంది. ఇంగ్లండ్‌తో మ్యాచ్ ముగియగానే దాన్ని ఇంగ్లండ్ ఆటగాడు స్టీవ్ హాడ్జ్ మార్చుకున్నాడు. తర్వాత చాలా ఏళ్లు ఇంగ్లండ్ జాతీయ ఫుట్‌బాల్ మ్యూజియంలో ఉంది. గొలుసులో రెండే చేతులు. అయినా 2022లో సోథ్‌బీస్ వేలానికి ముందు, అది గోల్స్ లేని మొదటి సగంలో వేసుకున్న చొక్కా అని మారడోనా కుటుంబం అభ్యంతరం చెప్పింది. అవి మ్యాచ్‌కు కాస్త ముందు మెక్సికో సిటీలోనే హడావిడిగా కొని, చిహ్నం కుట్టి, అంకెలు అతికించిన చొక్కాలు; చేత్తో చేసిన పని ఏ రెండింటి మీదా ఒకేలా పడదు. చిహ్నం, చారలు, అంకెలు ఆ రోజు ఫోటోలతో సరిపోల్చి రెండో సగంలోనిదేనని నిపుణులు తేల్చారు. 71 లక్షల పౌండ్లకు పైగా పలికింది.

బేబ్ రూత్ 1932 వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఫైనల్ పోటీలు) చొక్కా ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 2005లో 9,40,000 డాలర్లకు అమ్ముడైంది. ఆ తర్వాత ఆనాటి ఫోటోలతో సరిపోలిందని తేలింది. 2024 ఆగస్టులో 2.41 కోట్ల డాలర్లు పలికింది. మధ్యలో మార్కెట్ పెరిగిన మాట నిజమే, కానీ ఆ తేడాలో పెద్ద వాటా రుజువుదే.

ఆటగాడే స్వయంగా అమ్మినప్పుడు ఈ బాధ ఉండదు. షేన్ వార్న్ తన ఆకుపచ్చ టెస్టు టోపీని 2020 జనవరిలో కార్చిచ్చు బాధితుల కోసం వేలం వేస్తే పది లక్షల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. అంత పెద్ద వస్తువులు మనవంటివారికి అందవు, కానీ పద్ధతి అందుతుంది: క్లబ్బు, బోర్డు, ఆటగాడి ధార్మిక సంస్థ నేరుగా అమ్మేవాటినే చూడండి. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 2001 నుంచి మైదానంలోనే ప్రతినిధి కూర్చుని, బంతో బ్యాటో బయటికి రాగానే సంఖ్య ఉన్న హోలోగ్రామ్ అతికిస్తారు. అలాంటి లీగ్‌లో మామూలు మ్యాచ్‌లో వాడిన బంతి, ఎక్కడిదో తెలియని గొప్ప ఆటగాడి చొక్కా కంటే వందరెట్లు నమ్మదగింది.

చొక్కా ముక్క అతికించిన కార్డులు చూసి చాలామంది ముచ్చటపడతారు. కొనే ముందు వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. ఫలానా మ్యాచ్‌లో ఆడినప్పుడు వేసుకున్నదని రాసి ఉంటే ఒక లెక్క. ఆటగాడు వేసుకున్నదని మాత్రమే ఉంటే, ఫోటో తీయించుకోవడానికి ఓ నిమిషం తొడిగి విప్పింది కావచ్చు. ఏ మ్యాచ్‌కూ, ఏ సీజన్‌కూ సంబంధం లేదని రాసినవైతే అది ఎవరు వేసుకున్నారో కూడా చెప్పడం లేదని అర్థం. రూత్ వేసుకున్న వేరే చొక్కా ఒకదాన్నే ముక్కలు చేసి కార్డుల్లో పెట్టిన రోజులున్నాయి. ఆ పని నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

టికెట్లు, కార్యక్రమ పుస్తకాలు

తక్కువ ఖర్చు, నకిలీల బెడద కొంత తక్కువ, గోడకు కట్టుకుంటే అందం. ఆ మ్యాచ్‌కు మీరే వెళ్లి ఉంటే ఇంతకు మించినది లేదు. టికెట్లు ఫోన్లలోకి మారిపోయాక కాగితం టికెట్ కొత్తగా పుట్టడం దాదాపు ఆగిపోయింది, కాబట్టి దగ్గర ఉన్నవి పారేయకండి.

మీరు ఎలాంటి వారు

ఒకే ఆటగాడిని ఆరాధించేవారు విడి కార్డులతో మొదలుపెట్టి, ఏడాదికి ఒక్కటి చొప్పున ఆయన ఆడిన కాలమంతా పేర్చుకోండి. చివర్లో ఒకే ఒక్క సంతకం, సాక్షి ఉన్నది, కొనండి. డబ్బు పెరగాలనుకునేవారు గ్రేడెడ్ కార్డులకే పరిమితం కండి. గాయమైనా ఫామ్ పోయినా తలకిందులయ్యే కుర్ర ఆటగాడి రూకీ కార్డు (ఆటలోకి వచ్చిన కొత్తలో వెలువడే మొదటి కార్డు) కంటే, ఆట ముగించి పేరు స్థిరపడినవారి కార్డు ఎంచుకోండి. ఐదేళ్లలోపు అవసరపడే డబ్బు ఇందులో పెట్టనే వద్దు. బహుమతి ఇవ్వాలనుకునేవారికి గ్రేడెడ్ కార్డు సుఖం, అందుకున్నవారు అసలుదా నకిలీదా అని పెద్దగా సందేహపడనక్కర్లేదు.

ఏది కొన్నా కాపాడుకోవడం చవకే. కార్డును ముందు మెత్తని ప్లాస్టిక్ తొడుగు (స్లీవ్)లో, ఆపైన గట్టి ప్లాస్టిక్ తొడుగు (టాప్‌లోడర్)లో పెట్టండి. రబ్బరు బ్యాండు వేయకండి, అది అంచును కోస్తుంది. పాత పీవీసీ ఆల్బమ్ షీట్ల నుంచి తీసేయండి. తేమ తగిలితే రేకు పూత కార్డులు విల్లులా వంగుతాయి, ఎండ తగిలితే సంతకాలు వెలిసిపోతాయి.

కొనకుండానే ఇలాంటివి చేతికి వచ్చినవారు కూడా ఉంటారు, తాతగారి పెట్టె తెరిస్తే బయటపడ్డ కార్డులు, సంతకం చేసిన బంతి, మ్యాచ్ టికెట్లు. వాటిని తుడవకండి, అతికించిన పుస్తకం నుంచి పీకకండి, రంగు వెలిసిన సంతకం మీద మళ్లీ కలం పెట్టకండి. ఆ వస్తువు గురించి తెలిసిన పెద్దలు ఇంకా ఉంటే ఈ వారమే వెళ్లి కూర్చోండి. ఆ బంతి ఎవరిచ్చారు, ఏ మ్యాచ్ రోజు, సంతకం చేస్తుంటే పక్కన ఎవరున్నారు అని అడిగి, వారి మాటల్లోనే రాసి, తేదీ వేసి, వారితో సంతకం చేయించి ఆ కాగితాన్ని పెట్టెలోనే ఉంచండి. ఫోటో ఏదైనా ఉంటే దాని వెనక కూడా పెన్సిలుతో రాయండి.